పుట్టింటి ఒడ్డున ఒక రాత్రి

నీళ్ళ ఒడ్డున డేరా వేసుకుని పడుకోవడం విదేశాల సరదా అనుకుంటాం గానీ, మా నందికొట్కూరు వాళ్ళకూ ఆ భాగ్యముందండీ! శ్రీశైలం జలాశయంలో ఏడాదిలో చాలా నెలలు మునిగుండే సంగమేశ్వరం గుడి, వేసవిలో నీరు తగ్గితే బయటపడుతుంది. గర్భగుడిలో వేపమొద్దు లింగం.

పోయిన వేసవిలో పిల్లల పోరు పడలేక సద్దరొట్టెలు, చెనిక్కాయల పొడి, దుప్పట్లు మూటగట్టుకుని వెళ్ళాం. పిల్లలు చుక్కలు లెక్కపెడుతుంటే, మా అత్తగారు చీకట్లో నీళ్ళకేసే చూస్తూ కూచున్నారు.

"పండుకో అత్తా" అన్నాను.

"అదో, ఆడుండె మా ఇల్లు. నా పెండ్లి పందిరి గూడా ఆన్నే ఏసిరి" అన్నారు.

1981లో ఆనకట్ట పూర్తయింది. ఆమె పుట్టిన ఊరు నీళ్ళ కిందికి పోయింది. పొలానికీ, ఇంటికీ పరిహారం లెక్కగట్టారు. ఆడపిల్ల పుట్టింటికి నడిచే దారికి ఖరీదు కట్టేదెవరు?

మనం పండక్కి వెళ్ళి, వదినమ్మ మీద అలిగి వచ్చేస్తాం. అలగడానికైనా గడపంటూ ఉండాలి కదా!