మలీద ముద్ద

మనిషి నాలుక మాటను నేర్చుకొనక పూర్వమే రుచిని నేర్చుకొంటుంది. నాకు ఆ తొలి పాఠం కాటారంలో మా ఇంటి రోటి దగ్గర లభించింది. ఇంట్లో దక్కనీ ఉర్దూ, వాకిట్లో తెలుగు మాట్లాడుతూ పెరిగిన నాకు, రెండు చోట్లా ఒకే పేరుతో వినిపించిన వంటకం మలీద.

దాని తయారీ అతి సరళం. జొన్నపిండితోనో గోధుమపిండితోనో రొట్టె కాల్చి, వేడి ఆరకముందే తునకలు చేసి, రోట్లో బెల్లంతో దంచి, నెయ్యి, యాలకుల పొడి చేర్చి, అరచేతులతో బాగా నలిపి ముద్దలు కట్టాలి. ఫారసీ భాషలో ‘మాలీదన్’ అనగా నలుపుట, రుద్దుట. పేరులోనే పని ఉన్నది. మొహర్రంలో మా అమ్మీ పీరీల వద్దకు పంపిన మలీదయే, సద్దుల బతుకమ్మనాడు పక్కింటి పెద్దమ్మ చెరువు గట్టుకు కొనిపోయిన మలీద. పీరీలకు మొక్కుకొని మలీద, షర్బత్ తెచ్చే హిందూ సోదరులు మన పల్లెలలో ఎందరో ఉన్నారు. మా రెండిళ్ళకూ రోలు ఒక్కటే.

2016 అక్టోబరు 11, దసరా నాడు, మా కాటారం కరీంనగర్ జిల్లాను వీడి నూతన జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో చేరింది. మరునాడే మొహర్రం పదవ దినం. ఆ వారమంతా ఆ రోలుకు విశ్రాంతి లేదు. జిల్లా మారినది గాని, బెల్లం కొలత మారలేదు.

ఇంత చెప్పుచున్న నేను ఒకనాడు ఆ ముద్దను చూసి సిగ్గుపడినవాడను. ఎం.ఏ. చదువుటకు వరంగల్లులోని కాకతీయ విశ్వవిద్యాలయానికి వెళ్ళేటప్పుడు అమ్మీ ఒక స్టీలు డబ్బా నిండా మలీద పెట్టి ఇచ్చింది. మిత్రులు తెచ్చిన బేకరీ మిఠాయిల మధ్య ఆ ముతక ముద్దలను చూపలేక మంచం కింద దాచాను. బూజు పట్టిన తరువాత చీకట్లో పారవేసి, ఖాళీ డబ్బా ఇంటికి తెచ్చాను. “సబ్ ఖాయే క్యా బేటా?” అని అడిగింది. అందరూ తిన్నారని అబద్ధం చెప్పాను.

అధ్యాపకుడనైన పిదప ఇటలీకి చెందిన సిసిలీ ద్వీపాన్ని గురించి చదివాను. 827లో అక్కడ అడుగుపెట్టిన అరబ్బులు రెండు శతాబ్దాలకు పైగా ఆ నేలపై నిలిచారు. పాలన పోయింది, వంట మిగిలింది. ఉత్తరాఫ్రికాకు ఎదురుగా ఉన్న త్రాపాని పట్టణంలో నేటికీ గోధుమరవ్వను నీటితో తడిపి, చేతివేళ్ళతో నలిపి ‘కుస్‌కుస్’ చేసి, చేపల పులుసుతో వడ్డిస్తారు. దానిని తమ ఊరి వంటగా గర్వంతో చెప్పుకొంటారు. పుస్తకం మూసి, నా మంచం కింది డబ్బాను తలచుకొన్నాను.

అమ్మీ కాలం చేసిన తరువాత వచ్చిన సద్దుల బతుకమ్మనాడు, పెద్దమ్మ ఆకులో ఒక ముద్ద పెట్టి తెచ్చింది. “మీ అమ్మ చేతి కొలతనే బిడ్డా,” అన్నది. నోట పెట్టగానే అమ్మీ ఎదుట నిలిచినట్లయింది. ఇన్నేళ్ళు దాచిన అబద్ధాన్ని ఆమెతో చెప్పివేశాను. ఆమె నవ్వి, “డబ్బ కడిగిననాడే మీ అమ్మకు ఎర్కే. పోరడు సిగ్గువడ్డడు, పెద్దగైతే తెలుస్తదిలే అన్నది,” అని చెప్పింది.

విద్యార్థినీ విద్యార్థులారా! ఆ కొలత ఏ గ్రంథంలోనూ లేదు. ఇప్పుడు ఒక్క ముసలి చేతిలో మాత్రమే ఉన్నది. మీ ఇళ్ళలోనూ అటువంటి చేతులు ఉంటాయి. ఈ సెలవులలో వారి ప్రక్కన కూర్చుండి, ఎంత పిండికి ఎంత బెల్లమో అడిగి వ్రాసుకొనండి. వారు డబ్బా కట్టి ఇస్తే, దయచేసి దానిని మంచం కింద పెట్టకండి.