దారంతో పెట్టిన సంతకాలు

ఏమే,

నీ ఉత్తరం అందింది. దిల్‌సుఖ్‌నగర్ ఎలా ఉందని అడిగావు. కొత్తపేట పండ్ల మార్కెట్ తరలిపోయింది, మెట్రో ఎల్బీనగర్ దాకా నడుస్తోంది, మగ్గం వర్కు దుకాణాలు సందుకొకటి వెలిశాయి. నువ్వుంటే అన్నిట్లోనూ బేరమాడి, ఒక్క జాకెట్టూ కుట్టించుకోకుండా ఇంటికొచ్చేదానివి!

ఈ మధ్య మేరీ హిలియర్డ్ అనే ఐర్లండ్ నర్సు గురించి చదివాను. నీకు తెలుసుగా, ఒక సంగతి మనసుకు పడితే నీకు చెప్పేదాకా ఊరుకోను. ఆడవాళ్ళకు ఓటు కావాలని 1912 మార్చిలో లండన్‌లో కిటికీల అద్దాలు పగలగొట్టి హాలోవే జైలుకెళ్ళినవాళ్ళలో ఆవిడ ఒకరు. అక్కడి ఖైదీలు 66 మంది ఒక రుమాలు మీద దారంతో సంతకాలు కుట్టారు. ఆవిడ దాన్ని ముప్ఫై ఏళ్ళు భద్రంగా దాచింది.

అద్దాలు పగలగొట్టడం ఏం గొప్పే అంటావు. రాయి సంగతి నీ ఇష్టం, సూది సంగతి విను. మన సరోజినీ నాయుడు 1917లో మద్రాసులో బ్రిటిష్ ప్రభుత్వంలో భారత వ్యవహారాల మంత్రి మాంటేగు దగ్గరికి ఆడవాళ్ళ బృందాన్ని తీసుకెళ్ళి ఓటడిగింది. 1921లో మద్రాసు రాజధానిలో ఆస్తి ఉన్న ఆడవాళ్ళకు ఓటొచ్చింది కూడా. ఆవిడ పేరు పుస్తకాల్లో ఉంది, ఉండాలి. మరి ఒక నర్సు పేరు ఎవరు రాస్తారు? గుడ్డ మీద ఉంది కాబట్టి మిగిలింది.

మగ్గం వర్కు అన్నానే, మొన్న ఒక దుకాణంలో నిలబడి చూశాను. చట్రానికి బిగించిన గుడ్డలోకి పైనుంచి సూది దిగుతుంది, అడుగునుంచి రెండో చెయ్యి దారం అందిస్తుంది, పూస వచ్చి కూర్చుంటుంది. అంత పని చేసినవాళ్ళ పేరు మాత్రం జాకెట్టు మీద ఎక్కడా ఉండదు.

మన దేశంలో మొదటి ఎన్నికల జాబితా రాసినప్పుడూ ఇదే కథ. ఫలానావారి భార్యను, ఫలానావారి తల్లిని అనే తప్ప సొంత పేరు చెప్పని ఆడవాళ్ళు దాదాపు 28 లక్షల మంది. వాళ్ళందరినీ జాబితాలోంచి తీసేశారు. అదంతా ఎక్కువగా ఉత్తరాది మాట అంటావేమో. సరే, మీ నాయనమ్మ అసలు పేరేమిటో ఠక్కున చెప్పు చూద్దాం?

అందుకే మన సందులోని పెద్దవాళ్ళ పేర్లన్నీ ఒక గుడ్డ మీద కుట్టాలనుకుంటున్నాను. ఇప్పుడు కుడితే ఏమొస్తుందంటావా? ఇంట్లో అందరికీ అమ్మమ్మే, మామ్మే అయిన మనిషిని పోలింగ్ బూత్‌లో పేరుపెట్టి పైకి చదువుతారు. ఆ పేరు ఐదేళ్ళకోసారి వినపడితే చాలదు.

గొలుసుకుట్టు నీకొచ్చినంత బాగా ఇక్కడ ఎవరికీ రాదు. సంక్రాంతికి రా. వచ్చేలోపు మీ నాయనమ్మ పేరు కనుక్కో, మొదటి వరస ఆవిడదే.

నీ నేస్తం