రాయచోటి బయళ్ళు

ఏడాదికి 250 మిల్లీమీటర్ల కంటే తక్కువ వాన పడే నేలను భూగోళ శాస్త్రం ఎడారిగా లెక్కిస్తుంది కాబట్టి, సగటున 700 మిల్లీమీటర్ల దరిదాపు వర్షపాతం ఉన్న కడప ప్రాంతంలోని రాయచోటి సీమను ఎడారి అనడానికి వీల్లేదు. అయినా మండువేసవిలో కడప నుంచి రాయచోటి మీదుగా పీలేరు వైపు సాగే 40వ నంబరు జాతీయ రహదారిపై వెళ్ళేవారికి ఎడారిని తలపించే బయళ్ళే ఎదురవుతాయి: చూపు ఆనినంత మేర ఎర్రనేల, దానిమీద ఒకదానిపై ఒకటి నిలిచిన గుండ్లు, ఇసుక మాత్రమే మిగిలిన వంకలు, నీడ లేని చేలు. నైరుతి రుతుపవనాలు మోసుకొచ్చే తేమలో అధికభాగం పడమటి కనుమల మీదనే కురిసిపోగా, ఆ కొండల వెనుక మిగిలే పొడి ప్రాంతాన్ని వర్షచ్ఛాయ అంటారు. రాయలసీమ ఆ ఛాయలో ఉంది. అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాలు కొంత ఆదుకున్నా, అవి ఏ ఏడు వస్తాయో ఏ ఏడు మొహం చాటేస్తాయో చెప్పలేము. ఇంత బెట్ట నేల మీది ప్రయాణం మనసును కుదుటపరచడం ఆలోచించదగ్గ విషయం. ఏమీ లేని చోట మనసూ ఖాళీ అవుతుందని, ఆ నిమ్మళం అందువల్లనేనని సాధారణంగా అనుకుంటారు గాని, రాయచోటి దారిని నింపాదిగా చూసినవారికి కారణం వేరొకటి తోస్తుంది: ఈ నేల తన సంగతులను దాచుకోదు.

రాళ్ళతోనే ఆ సంగతి మొదలవుతుంది. కడప నుంచి దక్షిణంగా బయలుదేరిన బస్సు పాలకొండల శ్రేణిని గువ్వలచెరువు ఘాట్ మీదుగా దాటుతుంది. గువ్వలచెరువు పాలకోవాకు పేరుపడ్డ ఊరు. కోవా అంగళ్ళ ముందు బండ్లు ఆగడం ఆనవాయితీ. ఆ పొట్లం చేతబట్టుకున్న వారిలో ఎక్కువమందికి తెలియని విశేషం ఏమిటంటే, ఈ చిన్న ఊరు భూగర్భ శాస్త్రంలో ఒక శిలకు పేరు ఇచ్చింది. 1872లో విలియం కింగ్ అనే శాస్త్రవేత్త కడప, కర్నూలు ప్రాంతాల శిలలను వర్ణిస్తూ వాటి వరుసలకు పాపఘ్ని, చెయ్యేరు, నల్లమల, కృష్ణ అని ఇక్కడి ఏళ్ళ పేర్లు, కొండల పేర్లు పెట్టాడు. ఆ కడప శిలాసమూహంలో అన్నిటికంటే అడుగున ఉన్న పొరను నేటికీ గుల్చేరు క్వార్ట్‌జైట్ అంటారు, గుల్చేరు అంటే గువ్వలచెరువే. క్వార్ట్‌జైట్ అన్నది ఇసుక పొరలు పొరలుగా పేరుకుని, కాలక్రమాన రేణువుకు రేణువు అతుక్కుపోయి ఏర్పడిన గట్టి రాయి. కొన్ని పలకల మీద, లోతులేని నీటి అలలు ఇసుకలో తీర్చిన సన్నని మడతలు చెదరకుండా నిలిచి ఉంటాయి, వేలితో తడిమితే గట్టు, పల్లం, మళ్ళీ గట్టు వరుసగా తగులుతాయి. ఆ ఇసుక పడి సుమారు 200 కోట్ల ఏళ్ళు అయివుంటుందని అంచనా. దాని కింద ఉండి, రాయచోటి వైపు గుండ్లుగా బయటపడే గ్రానైటు, నైస్ శిలలు ఇంకా పాతవి, వాటి వయసు 250 కోట్ల ఏళ్ళ దరిదాపు. ఈ రెండూ ఒకదానినొకటి తాకే చోట కోట్లాది సంవత్సరాలకు ఏ రాయీ సాక్ష్యంగా మిగలలేదు. కాలం అలా తెగిపోయిన సరిహద్దును అన్‌కన్ఫార్మిటీ అంటారు. తిరుమల ఘాట్ రోడ్డులో జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తింపు పొందినది ఇలాంటి సరిహద్దే. అప్పునో, కోర్టు వాయిదానో, ఆస్పత్రి రిపోర్టునో మోసుకుంటూ బస్సెక్కిన మనిషికి ఈ లెక్క వాటిలో దేనినీ తీర్చిపెట్టదు, కానీ అవి ఎంత పెద్దవో, ఎంత పెద్దవి కావో చూపించగలదు.

ఘాట్ దాటాక బయలు విప్పారుతుంది. కోనసీమ వంటి చోట పచ్చదనానికి కారణం ఎవరూ వెదకరు, అది అన్నింటినీ కప్పేసి ఉంటుంది. ఇక్కడ పచ్చగా కనిపించే ప్రతి తునకకూ కారణం పక్కనే కనిపిస్తుంది. చింతచెట్లు వరుసగా ఉన్నాయంటే వాటి వెంట వంక ఉంది, మామిడితోట ఉందంటే బోరు ఉంది, వరిమడి ఉందంటే ఎగువన చెరువుకట్ట ఉంది. తంగేడు, బలుసు, రేగు వంటివి మాత్రమే ఎవరి పోషణా లేకుండా బతుకుతాయి. ఈ ప్రాంతపు పాతకాలపు చెరువుకట్టను దగ్గరగా చూడడం మంచిది. లోపలి వైపు అలల తాకిడికి మన్ను కొట్టుకుపోకుండా రాళ్ళు పేర్చి ఉంటాయి. నీటిలోకి కొంత దూరాన రెండు రాతి స్తంభాలు నిలిచి, వాటి నడుమ అడ్డంగా బెజ్జమున్న రాతిపలక ఉంటుంది, ఆ బెజ్జంలోంచి దిగిన కర్ర అడుగున బిరడాగా పనిచేస్తుంది, కర్రను లేపితే నీరు కాలువకు పోతుంది. ఇదే తూము. చెరువు నిండాక మిగులు నీరు కట్టను తెంచకుండా పొర్లిపోయే చోటును మరవ అంటారు. కడప జిల్లాలోనే ఉన్న పోరుమామిళ్ళ చెరువును విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు తవ్వించాడు. 1369 నాటి దాని శాసనం మంచి చెరువుకు కావలసిన 12 సాధనాలను, చెరువును పాడుచేసే 6 దోషాలను ఏకరువు పెట్టి, రోజుకు 1000 మంది కూలీలు, 100 బండ్లు రెండేళ్ళు పనిచేశాయని చెబుతుంది. మేఘం మీద అధికారం లేని మనుషులు నేల వాలు మీద, రాయి మీద, తమ రెక్కల మీద ఉన్న అధికారాన్ని ఎంత ఓపికగా వాడుకున్నారో ఆ శాసనం వల్ల తెలుస్తుంది, అటువంటి కట్ట మీద కూర్చున్నవారికి కలిగే ధైర్యం ఏ ఉపదేశం వల్లా కలగదు.

ఈ నేల తన సంగతులను దాచుకోదన్న మాటకు ఒక మినహాయింపు ఉంది. 1848లో జెర్డన్ అనే ప్రకృతి శాస్త్రవేత్త లోకానికి తెలిపిన కలివికోడి అనే పక్షి 1900 తర్వాత ఎవరికీ కనబడకపోవడంతో అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప ప్రాంతంలోని సిద్ధవటం దగ్గరి రెడ్డిపల్లె పొదల్లో అది మళ్ళీ దొరికింది. కంపచెట్ల నడుమ రాత్రివేళ తిరిగే ఆ పిట్ట, బయలు ఖాళీగా ఉందని తీర్మానించేసే కళ్ళు ఎంత తొందరపడతాయో నిరూపించింది.

ఈ నేలను కేవలం ప్రశాంతికి ఆటపట్టుగా చిత్రించడం మాత్రం అన్యాయం. ఏడాదిలో ఎక్కువ భాగం ఇసుకపాయగా ఉండే చెయ్యేరు 2021 నవంబరు 19న అన్నమయ్య జలాశయం కట్టను తెంచుకుని పులపత్తూరు, మందపల్లె, తొగురుపేట వంటి ఊళ్ళ మీద పడి ప్రాణాలు తీసింది. వాన లేక పోయే పంటలు వేరుశనగ రైతుకు లెక్కలేనన్ని. బస్సు కిటికీలోంచి అందంగా కనబడే బీడు ఒకరి మునిగిపోయిన పెట్టుబడి అయి ఉండవచ్చునన్న ఎరుక ప్రయాణికుడికి ఉండితీరాలి.

అసలైన ఎడారి రాయచోటి వారికి పుస్తకాల్లోని మాట కాదు. రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచి దశాబ్దాలుగా వేలమంది కువైట్‌కు వలస వెళ్ళారు. ఏడాదికి సగటున 120 మిల్లీమీటర్ల దరిదాపు వాన మాత్రమే పడే ఆ దేశంలో మగవాళ్ళలో కొందరు డ్రైవర్లుగా, కొందరు ఊరికి దూరంగా ఇసుకలో గొర్రెలనూ ఒంటెలనూ కాసేవారిగా, ఆడవాళ్ళలో ఎందరో ఇంటిపని చేసేవారిగా బతుకుతున్నారు. వీసాకు పూచీపడి పనిలో పెట్టుకునే యజమానిని అక్కడ కఫీల్ అంటారు, అతడి అనుమతి లేనిదే పని మారడం కష్టం. గొర్రెలకాపరి చుట్టూ ఉన్న బయలు, యాత్రికుడు డబ్బిచ్చి చూసే బయలు ఒక్కలాంటివే, నిశ్శబ్దమూ ఒక్కలాంటిదే, కానీ యాత్రికుడి జేబులో తిరుగుటికెట్టు ఉంటుంది. రాయచోటి దారి వెంట రంగులు వేసి నిలబడ్డ కొత్త మిద్దెల్లో చాలావాటికి డబ్బు ఆ ఇసుకలోంచే వచ్చింది. గుండ్ల వయసునూ చెరువుల పనితనాన్నీ ఎంత శ్రద్ధగా చూస్తారో ఆ మిద్దెలనూ అంతే శ్రద్ధగా చూడాలి, ఎందుకంటే వాటిలో కొన్నింటికి పునాది వేసిన మనిషి గృహప్రవేశాన్ని ఫోనులోనే చూసి ఉంటాడు.