పసిబిడ్డ రిపోర్టులో తల్లి రక్తం

హెచ్‌ఐవీ ఉన్న తల్లికి పుట్టిన బిడ్డకు ఆ రోజే మామూలు రాపిడ్ పరీక్ష చేస్తే పాజిటివ్ అనే వస్తుంది. వైరస్ సోకినా అంతే, సోకకపోయినా అంతే. ఆ పరీక్ష వెతికేది వైరస్‌ని కాదు, వైరస్ మీద శరీరం తయారుచేసుకున్న ప్రతిరక్షకాలను. వాటిలో ఐజీజీ రకానివి మాయ గుండా బిడ్డలోకి చేరతాయి. నెలలు నిండేకొద్దీ ఆ ప్రవాహం పెరిగి, కాన్పు నాటికి బిడ్డ రక్తంలో సాధారణంగా తల్లికి సమానంగానో, అంతకు మించో ఉంటాయి. అవి తల్లి కట్టి పంపిన సద్దిమూట లాంటివి. తరిగిపోయేవే తప్ప బిడ్డ సొంతంగా వండుకున్నవి కావు. సుమారు మూడు వారాలకోసారి సగానికి తగ్గుతూ, ఏడాది నుంచి ఏడాదిన్నర లోపు మాయమవుతాయి. కాబట్టి తొలి నెలల్లో ఆ పాజిటివ్ చెప్పేది తల్లి సంగతే, బిడ్డ సంగతి కాదు.

ఇది తెలియకపోతే నష్టం రెండు వైపులా జరుగుతుంది. ఒక వైపు, బిడ్డ మీద ఆశ వదులుకుని టీకాలకూ, వైరస్ సోకకుండా ఇచ్చే సిరప్‌కూ నీళ్లొదిలే ఇళ్లుంటాయి. మరో వైపు, నయం చేస్తామని చెప్పుకునేవారికి అది అవకాశం. పుట్టగానే పాజిటివ్, ఏడాదిన్నరకు నెగెటివ్: మధ్యలో ఏ పొడి తినిపించినా ఘనత దానికే దక్కుతుంది. రెండు రిపోర్టులూ నిజమే, చెప్పిన కారణమే అబద్ధం. దాన్ని నమ్మి తల్లి వైరస్‌ను అణచే తన ఏఆర్‌టీ మందులు మానేసి ఆ పొడికి మళ్లితే, నష్టం ఆమె ప్రాణానికే.

అలాంటప్పుడు ఏడాదిన్నర ఆగి ఒకేసారి పరీక్షిస్తే సరిపోదా అని కొందరు అడుగుతారు. సరిపోదు. నిజంగా వైరస్ సోకి, చికిత్స అందని పిల్లల్లో దాదాపు సగంమంది రెండో పుట్టినరోజు చూడరు. తొలి వారాల్లోనే మందులు మొదలుపెడితే పసివాళ్ల మరణాలు 76 శాతం తగ్గాయని దక్షిణాఫ్రికాలో జరిగిన ఒక అధ్యయనం 2008లో చూపింది. అందుకే ఆరో వారంలో మడమ నుంచి కొన్ని రక్తపు చుక్కలు కాగితం మీద ఆరబెట్టి, నేరుగా వైరస్ జన్యుపదార్థాన్నే వెతికే పరీక్షకు పంపుతారు. మన జాతీయ కార్యక్రమంలో ఇది 2010లో మొదలైంది. ఆ తర్వాత ఆరో నెలలో, ఏడాదికి మళ్లీ పరీక్షిస్తారు. చివరి మాట పద్దెనిమిదో నెల ప్రతిరక్షకాల పరీక్షది. అప్పటికి తల్లి వాటా ఇంకిపోయి ఉంటుంది కాబట్టి అప్పుడు పాజిటివ్ వస్తే అది బిడ్డదే.

ఇంకో ప్రశ్న మరింత లోతైనది: పొంగు వంటి జబ్బులకు తల్లి ప్రతిరక్షకాలే బిడ్డను కాపాడుతాయి కదా, హెచ్‌ఐవీకి ఎందుకు కాపాడవు? కొంత కాపాడుతున్నాయేమోనన్న ఆధారాలు లేకపోలేదు. మందులేమీ లేకున్నా సగానికి పైగా బిడ్డలకు వైరస్ సోకదు. తల్లి రక్తంలో వైరస్ పైతొడుగులోని కొన్ని భాగాలను పట్టుకునే ప్రతిరక్షకాలు ఎక్కువగా ఉన్నప్పుడు సంక్రమణ తగ్గినట్టు కొన్ని అధ్యయనాలు చూపాయి. కానీ ఆ వైరస్ రూపు మార్చుకుంటూ ఆమె ప్రతిరక్షకాలను తప్పించుకుంటుంది. బిడ్డకు చేరేది తరచు అలా తప్పించుకున్న రకమే. ఉగాండాలో తల్లీబిడ్డలకు హెచ్‌ఐవీ ప్రతిరక్షకాలను బయటినుంచి ఎక్కించి చూసినా సంక్రమణ తగ్గలేదు. మందుల ఫలితం మాత్రం తిరుగులేనిది: 1994లో జిడోవుడిన్ అనే మందు ఒక్కటే సంక్రమణను 25.5 శాతం నుంచి 8.3 శాతానికి దించింది. 2014 జనవరి నుంచి మన దేశంలో హెచ్‌ఐవీ ఉన్న ప్రతి గర్భిణికీ మూడు మందుల చికిత్స జీవితాంతం ఇవ్వాలన్నది విధానం. చికిత్స సరిగా సాగితే సంక్రమణ 5 శాతం లోపే. ఆమె రక్తంలో వైరస్ అణగితే పాలిచ్చినా ముప్పు బాగా తగ్గుతుంది. మొదటి ఆరు నెలలు తల్లిపాలే ఇవ్వాలి. తల్లిపాలూ డబ్బాపాలూ కలిపి పట్టడమే ఎక్కువ ప్రమాదం.

ఇదంతా విశాఖ వంటి వలసల నగరంలో అమలు చేయడమే కష్టం. 2005-06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 0.28 శాతంగా ఉన్న హెచ్‌ఐవీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 0.97 శాతం. పోర్టు, ఉక్కు కర్మాగారం, వాటి చుట్టూ కాంట్రాక్టు పనులు శ్రీకాకుళం, విజయనగరం, ఒడిశాల నుంచి కుటుంబాలను ఇక్కడికి రప్పిస్తాయి. తొలి కాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి వెళ్లడం మన ఆనవాయితీ. గర్భిణి పరీక్ష గాజువాకలో, కాన్పు పలాసలో, ఆరో వారం పరీక్ష ఎక్కడో తెలియదు. విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) ఏఆర్‌టీ కేంద్రంలో మందు ఉన్నా, ఊరు మారే తల్లి చేతికి తర్వాతి కేంద్రం పేరూ, నాలుగు పరీక్షల తేదీలూ రాసివ్వకపోతే ఆ మందు సగం పనే చేస్తుంది.

బిడ్డ నెగెటివ్ అని తేలాక తల్లి మాత్రలు దండగన్న మాట కొన్ని ఇళ్లలో పుడుతుంది. అది బిడ్డ కోసమే ఇచ్చిన మందన్న అపోహకు ఆరోగ్య సిబ్బందిగా మనమూ కొంత తావిచ్చాం, ప్రతి మాటా బిడ్డ గురించే చెప్పి. ఆ మాత్ర ముందు ఆమె ప్రాణానికి. రాబోయే కాన్పుకూ, పాలు తాగే బిడ్డకూ రక్షణ అందులోంచే వస్తుంది. అందువల్ల కౌన్సెలింగ్‌లో మొదటి వాక్యం తల్లి గురించి ఉండాలి, బిడ్డ రిపోర్టు గురించి కాదు.