ఎల్లందు లేని బొగ్గు చరిత్ర

2024 సెప్టెంబరు 30 అర్ధరాత్రి నాటింగ్‌హామ్‌షైర్‌లోని రాట్‌క్లిఫ్-ఆన్-సోర్ విద్యుత్ కేంద్రం ఆగిపోవడంతో బ్రిటన్‌లో బొగ్గు నుంచి కరెంటు తీసే కాలం ముగిసింది. 1882లో లండన్‌లోని హోబర్న్ వయాడక్ట్ దగ్గర ఎడిసన్ సంస్థ నడిపిన తొలి కేంద్రం మొదలుకొని 142 ఏళ్ల కథను అక్కడి పత్రికలు, టీవీ ఛానళ్లు ఎంతో శ్రద్ధగా చెప్పాయి. ఆ కథలో న్యూకాజిల్ ఉంది, యార్క్‌షైర్ ఉంది, దక్షిణ వేల్స్ లోయలు ఉన్నాయి, 1984 మార్చి నుంచి దాదాపు ఏడాదిపాటు సాగిన గని కార్మికుల సమ్మె ఉంది, 2015 డిసెంబరులో మూతపడిన ఆఖరి లోతైన బొగ్గు గని కెల్లింగ్లీ ఉంది. తెలంగాణ బొగ్గు తవ్వకం మొదలైన ఎల్లందు మాత్రం లేదు. తెలంగాణ బొగ్గు పట్టణం గోదావరిఖని కార్మికవాడల్లో పుట్టి బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగువారికి ఈ లోపం కంట్లో నలుసులా తగులుతుంది. ఎందుకంటే తెలంగాణ బొగ్గును తవ్విన తొలి కంపెనీ నమోదైంది ఇంగ్లండులోనే.

1871లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా శాస్త్రవేత్త విలియం కింగ్ ఎల్లందు ప్రాంతంలో బొగ్గు పొరను గుర్తించగా, నిజాం రాజ్యంలో గనులు తవ్వే హక్కును సంపాదించిన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ 1886లో ఇంగ్లండులో నమోదైంది. 1889లో ఎల్లందులో తవ్వకం మొదలయ్యే నాటికే ఈ వ్యవహారం బ్రిటన్ పార్లమెంటు గడప తొక్కింది. నిజాం కొలువులోని ఉన్నతాధికారి అబ్దుల్ హక్, లండన్ వర్తకులు వాట్సన్, స్టువర్టుల మధ్య సాగిన హక్కుల ఒప్పందం, ఆపై జరిగిన వాటాల అమ్మకం మీద 1888లో కామన్స్ సభ సెలెక్ట్ కమిటీని, అంటే ఒక అంశాన్ని ప్రత్యేకంగా విచారించడానికి ఎంపిక చేసిన సభ్యుల బృందాన్ని నియమించి సాక్ష్యాలు తీసుకుంది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీగా కొత్త రూపం పొందిన తరువాత కూడా దాని వాటాలు లండన్ స్టాక్ ఎక్స్ఛేంజిలో చేతులు మారాయి, 1945లో నిజాం ప్రభుత్వం వాటిలో అధిక భాగాన్ని కొనుగోలు చేసేదాకా లాభం సముద్రం దాటి వెళుతూనే ఉంది. అందువల్ల బ్రిటన్ బొగ్గు చరిత్ర ఆ దీవి తీరం దగ్గర ఆగిపోయిందని చెప్పడం సగం చరిత్రే అవుతుంది. ఖమ్మం అడవుల్లో తట్టా చెమ్మసుతో, అంటే బొగ్గు ఎత్తే గంపా పారతో వంగిన నడుములు ఆ 142 ఏళ్ల లెక్కలోకి రావలసినవే.

అయినా వేల్స్ ఎదుట తల వంచవలసిన విషయం ఒకటుంది. 1913 అక్టోబరు 14న సెంగెనిడ్ అనే చిన్న ఊళ్లోని గనిలో పేలుడు జరిగి 439 మంది కార్మికులు, వారిని కాపాడబోయిన ఒకరు ప్రాణాలు కోల్పోయారు. సరిగ్గా నూరేళ్లకు, 2013లో అదే తేదీన, వేల్స్ గనుల్లో మరణించిన వారందరి కోసం అక్కడ జాతీయ స్మారకాన్ని ఆవిష్కరించారు. చనిపోయినవారి పేర్లను ఆ ఊరు మరచిపోలేదు. అప్పటి న్యాయం ఏమంత గొప్పది కాదన్నదీ నిజమే. మేనేజర్‌కు 24 పౌన్లు, కంపెనీకి 10 పౌన్లు మాత్రమే జరిమానాగా పడింది. కోర్టు ఇవ్వని విలువను ఊరు ఇచ్చింది, తరాలు మారినా ఇస్తూనే ఉంది. తెలుగు నేల దీనిని చూసి నేర్చుకోవలసి ఉంది.

2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు దూసుకువచ్చి 17 మంది కార్మికులు మరణించారు. గని పరిభాషలో దీనిని జలప్రమాదం అంటారు: బొగ్గు తీసి వదిలేసిన పాత తవ్వకాల ఖాళీల్లో ఏళ్ల తరబడి నీరు చేరుతుంది, దానికీ పని జరుగుతున్న చోటుకూ మధ్య మిగిలిన బొగ్గు గోడ గానీ కట్టిన అడ్డుకట్ట గానీ ఆ ఒత్తిడికి తెగితే, లోపలున్న మనిషి పరుగెత్తే వ్యవధి కూడా ఉండదు. ఇలాంటి నీటి నిల్వకు 60 మీటర్ల లోపు పని చేయాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలని అప్పుడు అమలులో ఉన్న 1957 నాటి బొగ్గు గనుల నిబంధనలు చెప్పడానికి కారణం ఇదే. 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ దగ్గరి చస్నాలాలో 375 మందిని బలిగొన్నదీ నీరే. గోదావరిఖనిలో 2003 దుఃఖం అంతటితో ఆగలేదు; అదే ఏడాది అక్టోబరులో 8ఏ గనిలో పైకప్పు కూలి మరో 10 మంది పోయారు. ఒకే పట్టణంలో నాలుగు నెలల వ్యవధిలో 27 మంది. ఈ రెండు తేదీలు ఆ కుటుంబాలకూ కార్మిక సంఘాలకూ గుర్తున్నాయి గానీ, తెలుగువారి చరిత్ర ముచ్చట్లలో, ముఖ్యంగా విదేశాల్లోని సంఘాల సభల్లో, రాజులకూ ఎన్నికలకూ దొరికిన చోటు వాటికి దొరకలేదు. తెలంగాణ రాష్ట్రం కోసం జరిగిన 2011 సకల జనుల సమ్మెలో సింగరేణి కార్మికులు నెలకు పైగా బాయి, అంటే గని, దిగకుండా నిలబడినప్పుడు ప్రవాసులు ఊరూరా సభలు పెట్టి వారిని కీర్తించారు. ఉద్యమం అవసరం తీరాక ఆ కార్మికుడి ఊపిరితిత్తుల గురించి, బదిలీ ఉద్యోగం, అంటే పనికి రాని మనిషి స్థానంలో చేసే పని, గురించి, కాంట్రాక్టు కూలీ వేతనం గురించి మాట్లాడేవారు అరుదైపోయారు.

జ్ఞాపకం విషయంలో వేల్స్‌తో పోలిక ఇంతకుమించి సాగదు. అక్కడి గనులు దాదాపు అన్నీ నిద్రపోయాయి కనుక వాటిని తీరిగ్గా తలుచుకోవచ్చు. గోదావరిఖని ఇంకా మూడు షిఫ్టుల్లో మేలుకొనే ఉంది. ఆ కాలనీల్లో పెరిగినవారి జ్ఞాపకంలో గడియారం కంటే ముందు షిఫ్టు ఉంటుంది. తెల్లవారకముందే స్టీలు టిఫిన్ డబ్బాతో సైకిలెక్కే తండ్రులు, బీడీ, అగ్గిపెట్టె లోపలికి పోకుండా గని ముఖద్వారం దగ్గర జేబులు తడిమే తనిఖీ, ల్యాంప్ రూములో అందుకునే టోపీ దీపం, ఇంక్లైన్‌లో, అంటే భూమిలోకి వాలుగా దిగే సొరంగ మార్గంలో, కిందికి దిగుతూ కనుమరుగయ్యే వెలుగుచుక్కలు ఆ జ్ఞాపకంలో భాగం. సాయంత్రం అయ్యేసరికి వరుస క్వార్టర్ల ముందు రాజేసిన బొగ్గు పొయ్యిల పొగ కాలనీ మొత్తాన్ని కమ్మేది, పిల్లలు ఆ పొగలోనే ఆడుకునేవారు, తల్లులు వంట చేస్తూనే రోడ్డు వైపు చూసేవారు. షిఫ్టు దిగవలసిన మనిషి అరగంట ఆలస్యమైతే పక్కింటి తలుపు తట్టి “మీ ఆయన వచ్చిండా అక్కా” అని అడగడంలోని గుబులును ఏ స్మారకమూ పట్టి చూపలేదు.

బ్రిటన్ బొగ్గును ఆపిందన్న వార్త వచ్చిన వారాల్లో ప్రవాస తెలుగువారికి తరచుగా ఎదురైన ప్రశ్న, భారతదేశం ఎప్పుడు ఆపుతుందన్నది. ప్రశ్నలో తప్పు లేదు, వాతావరణ సంక్షోభం అబద్ధమూ కాదు, కానీ దానిని అడిగే స్వరంలో వినిపించే పెద్దరికం న్యాయమైనది కాదు. 142 ఏళ్లు కాల్చి, పరిశ్రమలు కట్టుకొని, ఉత్తర సముద్రపు గ్యాసూ గాలీ చేతికందిన తరువాత ఆపిన దేశం, 2023-24లో ఏడు కోట్ల టన్నుల బొగ్గు తీసి దక్షిణాది విద్యుత్ కేంద్రాలకు అందించిన సింగరేణిని నేరస్థుడిగా చూడజాలదు. రామగుండం ఎన్టీపీసీ 2,600 మెగావాట్ల కేంద్రం లేకపోతే హైదరాబాద్ ఐటీ భవనాలలో దీపాలు వెలిగేవి కావు, ఆ కరెంటు వెలుగులో చదువుకొని విదేశాలకు చేరినవారు ఈ మాటను ధైర్యంగా చెప్పాలి. పైగా రామగుండం కూడా ముగింపులను చూస్తోంది. 1971 నుంచి నడిచిన 62.5 మెగావాట్ల ‘బి’ థర్మల్ కేంద్రం రాట్‌క్లిఫ్ ఆగిన 2024లోనే శాశ్వతంగా మూతపడింది, ఆ వార్త జిల్లా పేజీలు దాటి పెద్దగా వెళ్లలేదు. అదే సెప్టెంబరులో కోల్‌బెల్టు మాట్లాడుకున్నది లాభాల్లో 33 శాతం వాటా గురించి, తొలిసారిగా కాంట్రాక్టు కార్మికులకూ ప్రకటించిన 5,000 రూపాయల గురించి.

సమర్థించుకోవడానికి వీల్లేని చోటూ ఉంది. భూగర్భ గనులు తగ్గి ఓపెన్‌కాస్ట్, అంటే పైనున్న నేలనంతా తొలగించి బొగ్గు తీసే పద్ధతి, పెరిగినకొద్దీ మనుషుల అవసరం తగ్గింది. 1990ల తొలినాళ్లలో లక్షకు పైగా ఉన్న సింగరేణి ఉద్యోగులు ఇప్పుడు 40 వేల దరిదాపుల్లో ఉన్నారు. బదులుగా ఊళ్ల పక్కన ఓబీ కుప్పలు, అంటే బొగ్గు పొర మీద నుంచి తీసిన మట్టీ రాయీ, కొండలుగా లేచాయి. ఇలాంటి కుప్పలు ఏం చేయగలవో వేల్స్ చూసింది. 1966 అక్టోబరు 21న అక్కడి అబర్‌ఫాన్‌లో వానకు నానిన గని వ్యర్థాల కుప్ప బడి మీదికి జారి 116 మంది పిల్లలనూ 28 మంది పెద్దలనూ సమాధి చేసింది. మిగిలిన కుప్పలను తొలగించడానికి బాధితుల కోసం జనం ఇచ్చిన విరాళాల్లోంచే 1,50,000 పౌన్లు తీసుకున్నారు, ఆ సొమ్మును తిరిగి ఇవ్వడానికి 1997 దాకా పట్టింది. కుప్పల నీడలో బతికే ఊళ్లు ఈ చరిత్రను తెలుగులో చదవగలగాలి, వానాకాలం ముందు అధికారులను అడగవలసిన ప్రశ్నలు అందులో ఉన్నాయి.

వేల్స్‌లోని బ్లేనావాన్‌లో 1980లో మూసిన బిగ్ పిట్ గనిని 1983లో ప్రదర్శనశాలగా మార్చారు, అక్కడ మాజీ గని కార్మికులే సందర్శకులను 90 మీటర్ల లోతుకు తీసుకువెళ్లి తమ పని గురించి తామే చెబుతారు. సింగరేణి గనులను సందర్శకులకు చూపించే ‘సింగరేణి దర్శన్’ ప్రయత్నం కూడా 2022లో మొదలైంది. ఆ దారిలో భారీ యంత్రాలతో పాటు 2003 నాటి 27 పేర్లు, 1886 నాటి లండన్ కంపెనీ కాగితాల ప్రతులు కనబడేలా చేయడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. బ్రిటన్ గ్రంథాలయాల్లోని 1888 సెలెక్ట్ కమిటీ సాక్ష్యాలను సేకరించి తెలుగులోకి తెచ్చే బాధ్యత అక్కడి తెలుగు సంఘాలు తీసుకోవచ్చు. తట్టా చెమ్మసుతో బొగ్గు నింపిన తరం ఇంకా గోదావరిఖనిలో, మంచిర్యాలలో, కొత్తగూడెంలో ఉంది, వారిలో పలువురు డెబ్బై దాటారు, కాబట్టి వారి మాటలను నమోదు చేసే పని ఈ ఏడాదే మొదలుకావాలి.