గొడుగు, పావుకోళ్ళు, నలుగురు సలహాదారులు

స్నాతకము ముగిసింది. రాజమహేంద్రవరములో గోదావరి గట్టుకు దగ్గరగా ఉన్న కల్యాణమండపపు మెట్లు దిగుతున్న వరునికి ఒక చేత గొడుగు, మరొక చేత కర్ర, పాదములకు పావుకోళ్ళు. కాశీయాత్ర అనగానే పెళ్ళివారి ముఖములలో నవ్వు ముందుగానే సిద్ధమై ఉంటుంది. గృహస్థాశ్రమము నాకు వద్దు, కాశికి పోయి తపస్సు చేసుకుంటానని వరుడు బయలుదేరాలి. వధువు సోదరుడు వెంటబడి, బెల్లము పెట్టి, మా అక్కనిస్తాము రండి బావగారూ అని బ్రతిమాలి వెనుకకు తీసుకురావాలి. ఈ యాత్ర సాధారణముగా వీధిగుమ్మము దాటదు.

ఆ రోజు దాటింది.

“ఇక చాలు నాయనా” అన్నారు పురోహితులు. సన్నాయి ఆగింది. పావుకోళ్ళ టకటకలు మాత్రము వీధిలోకి వెళ్ళిపోతున్నాయి. చూసేవారు అది హాస్యమనుకున్నారు. వరునికి మాత్రము అందులో హాస్యమేమీ కనబడలేదు.

అతనికి 33 ఏళ్ళు. హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగము. ఆదివారము ఉదయము వేదాంత ప్రవచనము, మిగిలిన రోజులలో నిద్రకు ముందు ఉపనిషత్తు. పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా, “నాకు వైరాగ్యము కలుగుతున్నది” అని తల్లితో చెప్పేవాడు. ఆ తల్లి చదువుకున్నది తక్కువ. అయినా, “వైరాగ్యము కలిగినవాడు పెళ్ళిచూపులకు కొత్త చొక్కా కుట్టించుకుంటాడా?” అని అడిగేది.

ఈ సంబంధము ఖాయమైన తరువాత కూడా ముహూర్తము మూడుసార్లు జరిగింది. మొదట శుక్రమౌఢ్యము అన్నాడు. అది విడిచేసరికి ఆషాఢము వచ్చింది. శ్రావణములో కార్యాలయములో ఊపిరాడని పని అన్నాడు. పంచాంగమును ఇంత శ్రద్ధగా చూసే యువకుడు ఈ కాలములో ఉన్నాడా అని ఆడపిల్లవారు మొదట సంతోషించారు. తరువాత సందేహించారు.

ఒకే అంతఃకరణము, చేసే పనిని బట్టి నాలుగు పేర్లు పొందుతుందని వేదాంతము చెబుతుంది. సంకల్పవికల్పములు చేస్తే మనస్సు, నిశ్చయిస్తే బుద్ధి, నేను నాది అని అభిమానిస్తే అహంకారము, తనకు ప్రియమైనదానినే మళ్ళీ మళ్ళీ అనుసంధానము చేస్తే చిత్తము. శాస్త్రములో ఇవి నాలుగు వృత్తులు. అతని గదిలో మాత్రము అద్దె ఇవ్వకుండా కాపురమున్న నలుగురు మనుషులు.

రాత్రి దీపము ఆర్పగానే మనస్సు మొదలుపెట్టేది: “ఆమె నవ్వు బాగుంది. అయితే, ప్రతిదినము అదే నవ్వు చూడాలి గదా?” అహంకారము గొంతు సవరించుకునేది: “నా పుస్తకాల బీరువా, నా మౌనము, నా ప్రాతఃకాలము ఏమౌతాయి?” చిత్తము పాత చిట్టాలు విప్పేది. పక్క వాటాలోని దంపతులు కూర మాడినందుకు మూడు రోజులు మాట్లాడుకోకపోవడము దానికి తేదీతో సహా గుర్తు. ముగ్గురూ అలసిన తరువాత అందరూ బుద్ధి వైపు తిరిగేవారు. బుద్ధి ఆవులించి, “రేపు ఆలోచిద్దాము” అనేది. నిశ్చయాత్మకమని పేరు పొందినది, ఏడాది పాటు అంతకుమించి ఏమీ అనలేదు. నిశ్చయము లేనివారి బుద్ధులకు కొమ్మలు అనేకమనీ, అంతమే ఉండదనీ గీత రెండవ అధ్యాయములో చెప్పిన మాట అతనికి కంఠస్థమే. కంఠము దాటి కిందికి దిగలేదు.

వైరాగ్యము కలిగిన రోజుననే సన్న్యసించవచ్చునని జాబాలోపనిషత్తు అంటుంది. ఆ దినమే! శ్రుతి ఎంత తొందరపడిందో చూడండి. అసలైన వైరాగ్యము మరో ముహూర్తము అడగదు. మరొక నెల, మరొక సంవత్సరము అని గడువు అడిగేది భయము. అది కాషాయము కట్టుకున్నంత మాత్రాన దాని గోత్రము మారదు.

వివాహమునకు పదిహేను రోజుల ముందు, పుష్కరఘట్టము మెట్ల మీద అతడు ఆమెకు తన నియమములు వినిపించాడు. ఆమె కాకినాడలో జూనియర్ కళాశాలలో గణితము చెబుతుంది. ఉదయము నాలుగు నుండి ఆరు వరకు తనను పలకరించరాదు. వారమునకు ఒక దినము మౌనము. యాభై ఏళ్ళు దాటిన తరువాత తనకు ఏకాంతవాసము కావాలంటే అడ్డు చెప్పరాదు. కాగితము మీద వ్రాసి కూడా తెచ్చాడు. ఆమె చివరి వరకు విన్నది.

“జరత్కారుని కథ తెలుసు గదండీ మీకు?” అని అడిగింది.

తెలియకేమి? ఆదిపర్వములోని కథ. పెళ్ళి వద్దని తిరిగిన ముని. ఒకచోట గోతిలో, వట్టివేళ్ళ దుబ్బును పట్టుకుని తలక్రిందులుగా వ్రేలాడుతున్న పితృదేవతలు కనిపించారు. ఆ వేళ్ళను ఎలుక కొరుకుతున్నది. ఆ ఎలుక కాలము. వారి వంశములో మిగిలినవాడు తానొక్కడే అని తెలిసి ముని పెళ్ళికి ఒప్పుకున్నాడు, కాని ఎన్ని నియమములు! కన్యకు తన పేరే ఉండాలి. భిక్షగా ఇవ్వాలి. పోషణ భారము తనది కాదు. ఇటువంటి పిల్ల దొరకదని ఆయన లోలోపల నిశ్చింతగా ఉండి ఉంటాడని అనుకోవడములో తప్పు లేదు. దొరికింది. వాసుకి చెల్లెలు, పేరు జరత్కారువే. అప్పుడు మరొక నియమము: అప్రియము చేసిన నాడు విడిచి వెళతాను.

“అందరూ ఆ మునిని గురించే చెబుతారు” అన్నది ఆమె. “ఆయన తల పెట్టుకుని నిద్రపోయింది ఆవిడ ఒడిలో. పొద్దు క్రుంకుతున్నది. లేపితే కోపము, విడిచిపోతాడు. లేపకపోతే సంధ్య తప్పుతుంది, ధర్మలోపము. ఆవిడ లోపల ఎన్ని గొంతులు మాట్లాడి ఉంటాయండీ? అయినా లేపింది. పోతాడని తెలిసే లేపింది.”

అతడు కాగితము మడిచాడు.

“నాకూ నిద్ర పట్టడము లేదు” అన్నది ఆమె, నదిని చూస్తూ. “మీకు ఒక్కరికే భయమనుకుంటున్నారేమో. ఊరు మారాలి, ఇల్లు మారాలి, పేరు పక్కన పేరు మారాలి. నేను మాత్రము కాగితము తేలేదు.”

ఇన్ని నెలల వాదప్రతివాదములలో అతని నలుగురు సలహాదారులలో ఒక్కరు కూడా అవతలి మనిషికి రాత్రి ఎలా గడుస్తున్నదో అడగలేదు. ఆ సాయంకాలము అతడు సమాధానము చెప్పకుండానే ఇంటికి వచ్చాడు. కాగితము ఏమైనదో తెలియదు. బహుశా గోదావరికి తెలుసు.

ఇప్పుడు వీధిలో, పావుకోళ్ళ మీద, అతడు మలుపు వరకు వచ్చేశాడు. ఎందుకు ఆగలేదో అతనికే తెలియదు. కాళ్ళు నడుస్తున్నాయి, అంతే. ఒక ఆటో పక్కకు వచ్చి ఆగింది.

“స్టేషనా బాబుగారూ?”

“ఎక్కు” అన్నది మనస్సు. “ఈ వేషముతోనా?” అన్నది అహంకారము. చిత్తమునకు పుష్కరఘట్టపు మెట్లు గుర్తుకు వచ్చాయి. బుద్ధి నోరు తెరిచింది, కాని ఏమన్నదో వినబడేలోగా వెనుక నుండి పరుగు చప్పుడు. వధువు తమ్ముడు, పదహారేళ్ళవాడు, పట్టుపంచె ఒక చేత్తో ఎత్తిపట్టి, రెండవ చేతిలో కరిగి అంటుకుపోయిన బెల్లపు ముక్కతో వచ్చి నిలబడ్డాడు. చెప్పవలసిన మాటలు రొప్పులో మరిచిపోయాడు.

“బావగారూ, అక్క చెప్పమన్నది… వెళ్ళేటట్లయితే గొడుగు ఇచ్చి వెళ్ళమన్నది. అది అద్దెదట.”

ఆటో అబ్బాయి ముందుగా నవ్వాడు. తరువాత వరుడు. చాలా రోజుల తరువాత వచ్చిన నవ్వు గనుక అది కొంత ఏడుపులా కూడా ఉంది. పిల్లవాడు అదే అదనుగా బెల్లము అతని నోటిలో పెట్టేశాడు. లోపలి నలుగురూ ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు. నోటినిండా బెల్లముతో వారికి బదులు చెప్పడము సాధ్యము కాలేదు. అతడు గొడుగును బావమరిది నెత్తి మీద పట్టి, మండపము వైపు తిరిగాడు.

రెండడుగులు వేసి పిల్లవాడు వెనుదిరిగి చూశాడు.

“అన్నా, మీరూ రండి. వంటలు అయిపోయాయి, భోంచేసి వెళుదురు గాని.”

ఆటో నీడన నిలిపి, తలగుడ్డ దులుపుకుంటూ అతడూ బయలుదేరాడు.