రెండు స్టేషన్ల మధ్య

హెమింగ్వే తన పారిస్ రోజుల గురించి రాసిన 'ఎ మూవబుల్ ఫీస్ట్' నా దగ్గర రెండు ప్రతులున్నాయి. ఒకటి నా ఇరవై నాలుగో ఏట, ఒక ఆదివారం, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్నది. దానికి వెనక అట్ట లేదు. రెండోది ఆయన మనవడు షాన్ హెమింగ్వే రాతప్రతులు చూసి 2009లో తెచ్చిన కూర్పు. ఈ వేసవిలో రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. పాత ప్రతిలో అప్పుడు గీసుకున్న పెన్సిల్ గీతలు ఇంకా చెరగలేదు. అన్నీ రాయడం గురించిన మాటల కిందే ఉన్నాయి. ఆయన మొదటి భార్య హ్యాడ్లీ గురించిన వాక్యాల కింద ఒక్క గీతా లేదు.

ఈస్టర్ లాగా ఏటా తేదీ మారే పండుగను క్రైస్తవులు 'మూవబుల్ ఫీస్ట్' అంటారు. మనకు విడమరచి చెప్పనక్కర్లేదు. సంక్రాంతి తప్ప మన పెద్ద పండుగలన్నీ పంచాంగం చూసుకుని జరుపుకునేవే కదా. ఆ పేరు ఆయన పెట్టింది కాదు. 1961 జూలైలో ఆయన పోయాక, నాలుగో భార్య మేరీ రాతప్రతిని సర్ది 1964లో అచ్చుకిచ్చినప్పుడు పెట్టిన పేరు.

1921 డిసెంబరులో పారిస్‌లో దిగేసరికి హెమింగ్వేకి ఇరవై రెండేళ్లు. భార్య హ్యాడ్లీ ఆయన కంటే ఎనిమిదేళ్లు పెద్దది. కార్దినాల్ లెమ్వాన్ వీధిలో కాపురం. ఇంట్లో వేడినీళ్ల కుళాయి లేదు, మరుగుదొడ్డి లేదు. పొద్దున్నే మేకల కాపరి పిల్లనగ్రోవి ఊదుకుంటూ మందను వీధిలోకి తోలుకొచ్చేవాడు. పై అంతస్తులో ఉండే ఆవిడ గిన్నె పట్టుకుని దిగితే, ఒక నల్ల మేక పాలు అక్కడికక్కడే పిండి ఇచ్చేవాడు. ఈ దృశ్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మా చిన్నప్పుడు మా వీధిలోనూ గేదెను గుమ్మం ముందుకు తోలుకొచ్చి, మన కళ్లెదుటే మన చెంబులోకి పాలు పితికేవారు. పారిస్ అనగానే నేను ఊహించుకున్న ఊరు వేరు. ఈ మేకల పారిస్‌ని చూశాకే ఆ ఊరిలో నిజంగా మనుషులు కాపురాలు చేశారని నమ్మకం కుదిరింది.

రాసుకోవడానికి ఆయన విడిగా ఒక హోటల్ పై అంతస్తులో గది తీసుకున్నాడు. చలికి పుల్లలు రాజేసుకుని కూర్చునేవాడు. కథ ముందుకు సాగకపోతే కమలాపండు తొక్కలు మంటలోకి పిండుతూ, అవి నీలంగా చిటపటలాడటం చూస్తుండేవాడు. ఏ రోజూ ఉన్నదంతా రాసేసి లేచేవాడు కాదు. తర్వాత ఏం జరుగుతుందో తెలిసిన చోటే ఆపేవాడు. ఊటబావిలో అడుగు దాకా తోడకుండా కాస్త నీరు వదిలేస్తే తెల్లారేసరికి మళ్లీ ఊరుతుంది. ఈ పద్ధతి నేను ఆయన దగ్గరే నేర్చుకుని ముప్పై ఏళ్లుగా పాటిస్తున్నాను. అందుకు ఎప్పటికీ రుణపడి ఉంటాను.

ఆకలి గురించి రాసిన అధ్యాయం కూడా అప్పుడు గీతలతో నింపేశాను. పత్రికల ఉద్యోగం వదులుకున్నాక మధ్యాహ్న భోజనం మానేసి, తినుబండారాల వాసన తగలని దారి వెతుక్కుంటూ లుక్సంబూర్ తోటలో నడిచేవాడు. ఖాళీ కడుపుతో చూస్తే సెజాన్ బొమ్మలు ఇంకా బాగా అర్థమయ్యేవట. షేక్‌స్పియర్ అండ్ కంపెనీ అనే పుస్తకాల దుకాణం నడిపే సిల్వియా బీచ్ మొదటిసారి వెళ్లినప్పుడే డిపాజిట్ డబ్బు తర్వాత ఇద్దువులే అని, తుర్గేనెవ్‌నీ టాల్‌స్టాయ్‌నీ చేతిలో పెట్టి పంపింది. జాయిస్ 'యులిసిస్'ని 1922లో అచ్చువేసిన మనిషి ఆమె. ముక్కూమొహం తెలియని కుర్రవాణ్ణి ఒక పుస్తకాల మనిషి అలా నమ్మడం ఎప్పుడు చదివినా నా గుండె నిండిపోతుంది.

అయితే వాళ్ల ఇంటి అద్దె కట్టడంలో హ్యాడ్లీకి పుట్టింటి తరఫున వచ్చే డబ్బు పెద్ద ఆసరా. ఈ సంగతి పుస్తకం చదివితే తెలియదు. జీవిత చరిత్రలు చదివితే తెలుస్తుంది. ఆయన పడిన ఆకలి అబద్ధమని నేననను. భోజనం మానేసిన మనిషికి కడుపు కాలుతుంది, అది ఎవరి డబ్బుతో నడిచే ఇల్లైనా సరే. కానీ తన ఆకలిని అంత వివరంగా రాసినవాడు ఆ ఆసరా గురించి ఒక్క మాట రాసి ఉండాల్సింది.

ఇప్పుడు నాకు ఈ పుస్తకమంతా రెండు రైల్వే స్టేషన్ల మధ్య జరిగినట్టు కనిపిస్తోంది.

మొదటిది పారిస్‌లోని గార్ ద లియోన్. 1922 డిసెంబరు. ఆయన పత్రిక పని మీద స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో ఉన్నాడు. సెలవుల్లో కొండల మీద రాసుకుంటాడని, అప్పటిదాకా రాసిన కథలన్నీ సంచిలో సర్దుకుని హ్యాడ్లీ బయలుదేరింది. కార్బన్ ప్రతులు కూడా అందులోనే పెట్టింది. స్టేషన్‌లో ఆ సంచి పోయింది. లోజాన్‌లో రైలు దిగిన మనిషి ఏడుస్తూనే ఉంది తప్ప ఏం జరిగిందో చెప్పలేకపోయింది. కార్బన్లు కూడా పోయాయంటే నమ్మలేక, తాను పారిస్‌కి తిరిగివెళ్లి వెతుక్కున్నానని రాశాడు. దొరకలేదు. మిగిలినవి రెండే కథలు. ఒకటి ఓ సంపాదకుడి దగ్గర ఉంది. ఇంకోటి రచయిత్రి గెర్‌ట్రూడ్ స్టైన్ అచ్చువేయలేని కథ అంటే ఆయన సొరుగులో పడేసినది.

చేతిరాత కాగితాలు పోగొట్టుకున్న వాళ్లెవరైనా ఆయన వైపే నిలబడతారు. మొదటిసారి నేనూ అలాగే నిలబడ్డాను. ఈసారి నా మనసు ఆ రైలు పెట్టెలోనే ఉండిపోయింది. సంచి లేకుండా, రాత్రంతా, ఆ కబురు మోసుకుంటూ ఆమె ఒక్కతే ఎలా ప్రయాణం చేసిందో!

రెండోది ఆస్ట్రియా కొండల్లోని ష్రూన్స్. 1926లో ప్రచురణకర్తను మార్చుకునే పని మీద న్యూయార్క్ వెళ్లి, తిరుగు ప్రయాణంలో పారిస్‌లో దిగాడు. భార్య, రెండేళ్ల కొడుకు ష్రూన్స్‌లో ఎదురుచూస్తున్నారు. పారిస్‌లో ఆయన మనసు పడిన పాలీన్ ఫైఫర్ ఉంది. ఆస్ట్రియా వెళ్లే మొదటి రైలు ఎక్కలేదు. రెండోదీ వదిలేశాడు. మూడోదీ వదిలేశాడు. మరుసటి ఏడాది విడాకులయ్యాయి. 'ది సన్ ఆల్సో రైజెస్' మీద వచ్చే రాబడి హ్యాడ్లీకి రాసిచ్చాడు.

1964 కూర్పులో తప్పంతా పాలీన్ మీదా, చుట్టూ చేరిన డబ్బున్నవాళ్ల మీదా పడినట్టుంటుంది. ఆయన తన పాలు తాను ఒప్పుకున్న మాటలు 2009 కూర్పులో ఉన్నాయి. షాన్‌కి పాలీన్ సొంత నాయనమ్మ. అందుకని కొందరు ఆ కూర్పును అనుమానంగా చూశారు. నేను మాత్రం తప్పు ఒప్పుకున్న హెమింగ్వే పక్షానే ఉంటాను.

పారిస్‌లో ఉండగా ఆయన తన మిషిగన్ అడవుల గురించి రాశాడు. ఈ పారిస్ జ్ఞాపకాలు రాయడానికి ముప్పై ఏళ్లు పట్టింది, అదీ క్యూబాలోనూ అమెరికా కొండల్లోనూ కూర్చుని. చివరి నెలల్లో ఆసుపత్రిలో కరెంటు షాకులు ఇచ్చాక జ్ఞాపకాలు చెదిరిపోతున్నాయని బాధపడ్డాడు. అంతకు ముందే రాసిపెట్టుకున్నాడు కాబట్టి ష్రూన్స్ స్టేషన్ నిలిచింది. కట్టెల గుట్టల పక్కగా రైలు వస్తుంటే పట్టాల దగ్గర నిలబడిన హ్యాడ్లీ కనిపించింది. ఇంకొకరి మీద మనసు పడకముందే ప్రాణం పోయుంటే మేలనిపించిందట. ఆమె నవ్వుతోంది. మొహం మీద ఎండ పడుతోంది. పక్కనే పిల్లవాడు, చలికి ఎర్రబడిన బుగ్గలతో.